పాటకి వెళ్ళినవాళ్ళు క్షేమంగా ఇంటికి రావాలి

చలి మొదలైతే చాలు, మన వైజాగ్‌లో పాటల సీజన్ కూడా మొదలైనట్టే. కాలేజీ ఫెస్టులు, బీచ్‌లో ఉత్సవాలు, డిసెంబర్ 31 రాత్రి ప్రోగ్రాములు, సినిమా ఫంక్షన్లలో లైవ్ షోలు, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఇందులో మాకు సంతోషమే గానీ ఇంకోటి లేదు. కానీ ఎక్కడో ఒకచోట తోపులాట జరగడం, ఓ కుర్రాడి తల పగలడం, ఓ అమ్మాయి ఏడుస్తూ మధ్యలోనే బయటికి వచ్చెయ్యడం, మర్నాడు పెద్దలంతా కూర్చుని "అందుకే ఈ మ్యూజిక్ నైట్లు వద్దనేది" అని తేల్చెయ్యడం, ఇది మాత్రం మాకు బొత్తిగా మింగుడుపడట్లేదు. దెబ్బలు పాట వల్ల తగలలేదు. జనాన్ని ఎక్కడ ఎలా నిలబెట్టారు, ఎవరి చేతికి తాడిచ్చారు, గోల మొదలయ్యాక పాట ఎవరు ఆపాలి అన్నది ముందే ఆలోచించకపోవడం వల్ల తగిలాయి.

ఈ ప్రాంతానికి పాట కొత్త కాదు కదా. పక్కనే విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పింది అక్కడే, ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. ఇటు చూస్తే గజ్జె కట్టి ఊళ్ళకి ఊళ్ళని కదిలించిన వంగపండు, రాత్రంతా సాగే తప్పెటగుళ్ళు, జముకుల కథలు. మన కళాభారతి ఆడిటోరియంలో చిన్న కచేరీ అయినా సరే గంట ముందొచ్చి సీటు చూసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట వందసార్లు విన్నా, వేలమంది ఒక్కసారి పల్లవి అందుకున్నప్పుడు ఒళ్ళంతా పులకరిస్తుంది చూడండి, అది ఏ ఫోన్లోనూ దొరకదు, అందుకే జనం చంకలో పిల్లల్ని వేసుకుని మరీ వెళ్తారు. ఆ ఆనందాన్ని కట్టిపెట్టమనే హక్కు ఎవరికీ లేదని మా నమ్మకం.

ఇక గొడవల సంగతికి వద్దాం. పెద్ద షోల దాకా ఎందుకు, వినాయక చవితి ఆర్కెస్ట్రా చూడండి. పందిరి ముందు కుర్రాళ్ళు చీటీలు పంపుతూనే ఉంటారు, మా హీరో పాట వెయ్యండి అని. సింగర్ పాపం ఒక చీటీ చదివితే రెండో గుంపు ఊరుకోదు, రెండోది చదివితే మొదటివాళ్ళు ఈలలు, కుర్చీలు లేపడం, మందు పడి ఉంటే చెప్పక్కర్లేదు. అక్కడ కీబోర్డు వాయించే మనిషి చూపు పాట మీద ఉండదు, స్టేజీ ముందు ఎవరు లేచారా అని చూస్తుంటాడు, పక్కనున్న కోరస్ అమ్మాయి మైక్ వైరు కాళ్ళకి తగలకుండా చుట్టి పెట్టుకుంటుంది, ఎప్పుడు వెనక్కి తగ్గాల్సి వస్తుందో తెలియదు కదా. పాట మీద ప్రేమ ఉన్నవాడు పాడేవాళ్ళని అలా వణికించడు. 2023 జనవరిలో హంపీ ఉత్సవంలో కైలాష్ ఖేర్ మీద బాటిల్ విసిరారు, 2024లో డెహ్రాడూన్‌లో సునిధి చౌహాన్ పాడుతుంటే స్టేజీ మీదికి బాటిల్ విసిరారు. అంత పేరున్నవాళ్ళకే ఇలా ఉంటే రాత్రికి ఇంత అని మాట్లాడుకుని వచ్చే ఆర్కెస్ట్రా పిల్లల గతేంటి?

ఆడపిల్లల విషయం ఇంకా బాధ. ఏ షోకైనా వెళ్ళి ఒకసారి గమనించండి, కుర్రాళ్ళు చేతులు పైకెత్తి ఎగురుతుంటారు, అమ్మాయిల చేతులు మాత్రం పైకి లేవవు. బ్యాగు ముందుకి తెచ్చుకుని రెండు మోచేతులూ పక్కలకి పెట్టి, నలుగురూ గుండ్రంగా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడతారు, తెలిసిన పాట వచ్చినా అలాగే. 2023 సెప్టెంబర్‌లో చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి వెళ్ళిన ఎంతోమంది ఆడవాళ్ళు, టికెట్ కొని కూడా లోపలికి వెళ్ళలేక, ఆ తొక్కిడిలో వేధింపులు పడి, ఏడుస్తూ తిరిగొచ్చామని చెప్పారు. దీన్ని ఏదో చిన్న విషయంలా "జనంలో అవన్నీ మామూలే" అనేవాళ్ళని చూస్తే మాకు కోపం వస్తుంది. మామూలు కాదు. అది కూడా హింసే, నెత్తురు కనబడదంతే.

ప్రాణాలు పోయే దాకా వెళ్ళినవాటిని చూస్తే కారణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. 1979 డిసెంబర్ 3న అమెరికాలో సిన్సినాటిలో ద హూ బ్యాండ్ కచేరీకి ముందు 11 మంది చనిపోయారు, లోపల కాదు, గుమ్మం దగ్గర. ముందొచ్చినవాళ్ళకి ముందు చోటు అనే పద్ధతిలో టికెట్లు అమ్మారు, తలుపులేమో కొన్నే తీశారు, లోపల సౌండ్ వినిపించేసరికి షో మొదలైపోయిందనుకుని వెనకవాళ్ళు తోశారు. మన కొచ్చి యూనివర్సిటీలో 2023 నవంబర్ 25న జరిగింది కూడా ఇంచుమించు ఇదే, వాన మొదలవగానే బయటున్నవాళ్ళంతా ఆడిటోరియంలోకి ఒక్కసారిగా దూసుకొచ్చారు, దిగేది మెట్లు, నలుగురు పోయారు. 2021లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ షోలో 10 మంది, అందులో తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒకడు. వాళ్ళని ఎవరూ కొట్టలేదు, పొడవలేదు. నిలబడ్డచోటే ఊపిరాడక పోయారు. చదరపు మీటరుకి నలుగురు ఉన్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు, ఆరేడుగురు దాటితే ఇక ఎవరి కాళ్ళు వాళ్ళ మాట వినవు, గుంపంతా కెరటంలా ఊగుతుంది, మధ్యలో ఉన్నవాడు కింద పడడానికి కూడా చోటుండదు. ముందు అరుస్తున్నారని వెనకవాళ్ళకి తెలియదు, తెలిసినా ఆ సౌండ్‌లో వినబడదు.

ఇప్పుడు మన బీచ్ సంగతి ఆలోచించండి. ఒక పక్క మొత్తం సముద్రం, అటు దారి లేదు, అంటే ఏం జరిగినా జనమంతా ఒకే వైపు, రోడ్డు మీదికే రావాలి. ఇసుకలో పరిగెత్తలేం, అంబులెన్స్ చక్రం దిగదు. మధ్యలో సరుగుడు బాదులు తాళ్ళతో కట్టి బారికేడ్ అంటారు, పదిమంది ఆనుకుంటే ఊగుతుంది, వెనకనుంచి తోసుకొస్తే ఆ బాదే ముందువాళ్ళ పొట్టకి గుచ్చుకుంటుంది. హడావిడిగా కట్టినవాటిని నమ్మితే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు చూశాం, క్యూలైన్ పక్క గోడ కూలి ఏడుగురు ప్రాణాలు పోయాయి. అది దేవుడి ఉత్సవం, ఇది పాట, మనుషులు మాత్రం అవే మనుషులు.

అధికారులకి చేతకాక ఇలా జరుగుతోందంటే మేం ఒప్పుకోం. అదే ఏడాది జూన్ 21న యోగా దినోత్సవానికి ఇదే బీచ్ రోడ్డు మీద మూడు లక్షలకి పైగా జనాన్ని కంపార్ట్‌మెంట్లుగా విడదీసి కూర్చోబెట్టి లేపి ఇళ్ళకి పంపారు కదా. ప్రధాని వస్తే చెయ్యగలిగినది, సింగర్ వస్తే ఎందుకు చెయ్యలేరు? సంఖ్య తక్కువ కూడాను.

ఇంకోటి, స్టేజీ ముందు నిలబెట్టే మనుషులు. చాలాచోట్ల నల్ల టీషర్టు వేసుకున్న బౌన్సర్లు, లేదంటే ఫ్యాన్స్ అసోసియేషన్ కుర్రాళ్ళకే మెడలో కార్డు వేసి వాలంటీర్లు అంటున్నారు. 1969 డిసెంబర్ 6న కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ దగ్గర రోలింగ్ స్టోన్స్ ఫ్రీ కచేరీ పెడితే దాదాపు మూడు లక్షల మంది వచ్చారట, స్టేజీ దగ్గర హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ గ్యాంగ్‌ని ఉంచారు, 500 డాలర్ల బీరు ఇచ్చి తెచ్చారని చెబుతారు. వాళ్ళు రోజంతా జనాన్ని కర్రలతో కొట్టారు, చివరికి ఒక 18 ఏళ్ళ కుర్రాడు తుపాకీ తీస్తే గ్యాంగ్ మనిషి కత్తితో పొడిచి చంపేశాడు. తుపాకీ తియ్యడం తప్పే. కానీ పొద్దుటినుంచీ తన్నులాట నడుస్తున్న చోట ఇంకేం జరుగుతుంది? కాపలా అంటే జనాన్ని అదుపు చెయ్యడం మాత్రమే అనుకునేవాడికి మా దృష్టిలో ఆ పని ఇవ్వకూడదు. ముందు వరుసలో ఊపిరాడని పిల్లని రెండు చేతులూ వేసి పైకి లాగి మంచినీళ్ళు ఇచ్చేవాడు కావాలి.

ఆర్టిస్టులకీ ఒక మాట. వాషింగ్టన్‌లో ఫుగాజీ అని ఒక పంక్ బ్యాండ్ ఉండేది, వాళ్ళ సంగీతం మహా హోరు. టికెట్ మాత్రం ఐదు డాలర్ల దగ్గరే ఉంచేవాళ్ళు. ముందు ఎవడైనా పక్కవాళ్ళని గుద్దుతుంటే పాట అక్కడికక్కడే ఆపి, వాడికి ఆ ఐదు డాలర్లు కవర్లో పెట్టి తిరిగిచ్చి బయటికి పంపేసేవాళ్ళు. అంత హోరు సంగీతం వాయించేవాళ్ళే ఆపగలిగితే మెలోడీ పాడేవాళ్ళకి కష్టమా! మైక్ వాళ్ళ చేతిలోనే ఉంది, పోలీసు విజిల్ కంటే ఆ గొంతు మాటే జనం ముందు వింటారు.

ఉగ్రవాదుల దాడులు వేరే సంగతి, పారిస్‌లో బటాక్లాన్ అనే కచేరీ హాల్లో 2015లో 90 మందిని, మాంచెస్టర్‌లో 2017లో 22 మందిని చంపేశారు. అయినా మాంచెస్టర్‌లో రెండు వారాలు తిరక్కుండానే జూన్ 4న మళ్ళీ కచేరీ పెట్టారు, జనం వచ్చారు, ఏడ్చారు, పాడారు. అంత ఘోరం జరిగాక కూడా పాట మానని జనం ఉన్న లోకంలో, మనం ఒక తోపులాట జరిగిందని షోలే వద్దనుకోవడం ఏం బాగుంటుంది.

కాబట్టి మేం అధికారులనీ, నిర్వాహకులనీ అడిగేది ఈ సీజన్ నుంచే మొదలుపెట్టమని. పర్మిషన్ ఫైలుతో పాటు ఒక కాగితం ఉండాలి, ఆ గ్రౌండ్‌లో ఎంతమంది పడతారో, ఎన్ని టికెట్లు లేదా పాసులు ఇచ్చారో, ఎన్ని గేట్లు, అవి ఎటు తెరుచుకుంటాయో, అంబులెన్స్ ఎక్కడ ఆగుతుందో, ఆడవాళ్ళు కంప్లయింట్ ఇస్తే విని కదిలే మహిళా సిబ్బంది ఏ మూల ఉంటారో, అన్నిటికంటే ముఖ్యంగా షో ఆపమని చెప్పే అధికారం ఎవరిదో పేరుతో సహా. పాసులు గ్రౌండ్ కొలతకి మించితే సంతకం పెట్టినవాళ్ళే జవాబు చెప్పాలి. ఆ కాగితం గేటు దగ్గర అందరికీ కనబడేలా అంటించాలి. నిర్వాహకులు మాకు పంపితే షోకి ముందురోజు మా పేపర్లో డబ్బులేం తీసుకోకుండా వేస్తాం, పంపనివాళ్ళ షోల పేర్లు కూడా పక్కనే వేస్తాం.