కౌపీన సంరక్షణార్థం 8 జీబీ

కంప్యూటర్లలో సన్యాసం పుచ్చుకున్నవాటిలో పేరుమోసింది క్రోమ్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. 2009 జూలైలో గూగుల్ ప్రకటించింది. 2011 జూన్‌లో శాంసంగ్, ఏసర్ ఇళ్లలో దానితో నడిచే తొలి ల్యాప్‌టాప్‌లు, అంటే క్రోమ్‌బుక్‌లు, అవతరించాయి. బ్రౌజర్ ఒక్కటే సత్యం, ఫోల్డర్లు మాయ, ఇన్‌స్టాల్ చేయడం మహాపాపం. లోపలున్నది లినక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే (కెర్నల్) గానీ సన్యాసిని పూర్వాశ్రమం అడగకూడదు.

2010 డిసెంబరులో పరీక్షకని పంచిన సీఆర్-48 అనే నమూనా ల్యాప్‌టాప్‌లో ఈ వైరాగ్యం ముదిరి పాకాన పడింది. ఒంటిమీద పేరు లేదు, ముద్ర లేదు. క్యాప్స్ లాక్ కీని కూడా పీకేసి అక్కడ సెర్చ్ కీ పెట్టారు. పెద్దక్షరాలతో అరిచేవాళ్ల నోరు ఇంత చప్పుడు లేకుండా నొక్కిన సంస్కర్త మరొకడు పుట్టలేదు. (సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ తెచ్చుకోవచ్చనుకోండి. అరవదలచుకున్నవాడికి ఆ మాత్రం ఓపిక ఉంటుంది.)

ఇక కౌపీనాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చుకున్న సాధువు కథ మీకు తెలిసిందే. దించుకున్న ఫొటో పెట్టుకునే చోటేదన్నారు, ఫైల్స్ యాప్ వచ్చింది. నెట్ పోతే తెల్లమొహం వేస్తోందన్నారు, ఆఫ్‌లైన్ సదుపాయాలు వచ్చాయి. 2016లో ఆండ్రాయిడ్ యాప్‌లు దిగాయి. ప్రోగ్రామర్లు మొహం మాడ్చుకుంటే 2018లో లినక్స్ అప్లికేషన్లకు తలుపు తీశారు. అదీ ఎలాగ? లినక్స్ మీద నడిచే యంత్రంలోనే ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్) కట్టి, అందులో మరో లినక్స్‌ని కాపురం పెట్టారు. పూర్వాశ్రమపు భార్యని పొరుగింటావిడగా పరిచయం చేయడమంటే ఇదే.

తొలి శాంసంగ్ క్రోమ్‌బుక్ సంచిలో ఉన్నది 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి. 2023లో వచ్చిన క్రోమ్‌బుక్ ప్లస్ అనే పీఠానికి కనీసార్హత 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజి. సంసారుల కంప్యూటర్లూ ఇంతే అడుగుతాయి, కాకపోతే వాటికి వేదాంతం రాదు.

నిష్ఠకి మాత్రం వంక పెట్టలేం. ఆన్ చేసిన ప్రతిసారీ తనలో ఎవరైనా వేలు పెట్టారేమోనని తనే తడుముకుని చూసుకుంటుంది. పవర్‌వాష్, అంటే అన్నీ తుడిచేసి యంత్రాన్ని కొత్తదానిలా చేసే సదుపాయం, ఒక్క మునకతో సర్వపాపక్షయం. మీ డౌన్‌లోడ్లు కూడా పాపాల ఖాతాలోనే పోతాయి.

నాకు బాగా నచ్చింది జాతకం. అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ప్రతి మోడల్‌కీ ముందే రాసి ఉంటుంది. 2023లో ఆ ఆయుష్షుని 10 ఏళ్లకు పొడిగించారు. అయితే లెక్క మొదలయ్యేది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ హార్డ్‌వేర్ ప్లాట్‌ఫామ్ విడుదలైన నాటి నుంచి. 3 ఏళ్లుగా అరలో కూర్చున్నదాన్ని తళతళలాడుతోందని తెచ్చుకుంటే, మీరు అట్టపెట్టె విప్పేసరికే 3 ఏళ్ల ఆయుష్షు ధ్యానంలో కరిగిపోయి ఉంటుంది.