సవరణ: బోల్టులు 8 కాదు, 32

మొన్న సాలిడ్‌వర్క్స్‌లో (యంత్రాల 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) బీఓఎం, అంటే విడిభాగాల పట్టిక, తీయడం గురించి రాస్తూ, కొనుగోలు లిస్టుకి 'టాప్ లెవెల్ ఓన్లీ' పెట్టుకుంటే చాలన్నాను. తప్పు రాశాను. అది సబ్ అసెంబ్లీని (కొన్ని విడిభాగాలు కలిపి కూర్చిన చిన్న యూనిట్) ఒక్క లైనుగా చూపించి వదిలేస్తుంది, లోపలి విడిభాగాలు లెక్కలోకి రావు.

గాజువాక ఆటోనగర్‌లో ఫిట్టర్ ఫోన్ చేసి, "సార్, బ్రాకెట్లకి బోల్టులేవీ?" అనేదాకా నాకూ తట్టలేదు. కన్వేయర్ ఫ్రేముకి ఎం12 (12 మి.మీ. మర) బోల్టులు 8. నాలుగు బ్రాకెట్ సబ్ అసెంబ్లీల్లో ఆరేసి చొప్పున ఇంకో 24. షీటులో మాత్రం 8 అనే ఉంది. 'పార్ట్స్ ఓన్లీ' పెడితే మొత్తం 32 ఒకే లైనులో వస్తాయి. ఏది దేనిలో భాగమో తెలియాలంటే 'ఇండెంటెడ్'.

ఒక చిక్కుంది. గేర్‌బాక్స్ లాంటి రెడీమేడ్ సరుకు మోడల్ అసెంబ్లీగా ఉంటే, 'పార్ట్స్ ఓన్లీ'లో దాని బేరింగులు, సీళ్లు కూడా విడివిడిగా దిగుతాయి. ఆ అసెంబ్లీ కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్‌లో చైల్డ్ కాంపోనెంట్లకి (లోపలి భాగాలకి) 'హైడ్' పెట్టండి, ఒకే వస్తువుగా వస్తుంది.

'హైడ్ చేసిన పార్టు బీఓఎంలో రాదు' అని నేను అన్నదీ పొరపాటే. పై సెట్టింగు వేరు; పార్టుని స్క్రీన్ మీద దాచినా లెక్కలో ఉంటుంది. సప్రెస్ చేస్తేనో (మోడల్‌లో తాత్కాలికంగా లేనట్టు చేస్తేనో), 'ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ బిల్ ఆఫ్ మెటీరియల్స్' టిక్ పెడితేనో పోతుంది. పాత షీటు ప్రింటు తీసుకున్నవాళ్లు దయచేసి చించేయండి.