పర్మిట్ ఎవరి చేతిలో ఉండాలి?

విదేశంలో ఏడాదికి పైగా పనిచేయాలంటే స్థూలంగా రెండు దారులున్నాయి. అక్కడి కంపెనీ ఉద్యోగమిచ్చి, తానే పూచీ పడి పర్మిట్ తెప్పించడం ఒకటి. చదువు, అనుభవం, భాష చూపించి మన పేరు మీదే అనుమతి తెచ్చుకుని, అక్కడికెళ్లి పని వెతుక్కోవడం ఇంకొకటి. వీటిలో ఏది మేలని ఒక వదినకీ మరిదికీ నడిచిన వాదన ఇది. వదిన ఓ కంపెనీలో విదేశాలకు వెళ్లే ఉద్యోగుల కాగితాలు చూస్తుంది. మరిది ఇంజినీరు. బ్రిటన్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, సంతకం ఇంకా పెట్టలేదు. మధ్యలో నేనూ ఒకటి రెండుసార్లు నోరు పెడతాను, ఏమనుకోకండి.

మరిది: ఆఫర్ వచ్చిందని అందరూ అభినందిస్తున్నారు గానీ నాకు లోపల టెన్షన్‌గానే ఉంది వదినా. నా వీసా ఆ ఒక్క కంపెనీకే ముడిపడి ఉంటుంది. వేరే కంపెనీకి మారాలంటే మళ్లీ మొదటి నుంచీ దరఖాస్తు పెట్టుకోవాలి. జీతమిచ్చేవాళ్ల చేతిలోనే ఆ దేశంలో ఉండే హక్కు కూడా పెట్టేశాక ఇక నేను బేరమాడేది ఏముంటుంది?

వదిన: ముడి ఒక వైపే చూస్తున్నావు. నీకోసం వాళ్లు ముందు విదేశీయుల్ని పనిలో పెట్టుకోవడానికి స్పాన్సర్ లైసెన్సు తెచ్చుకోవాలి, ఆ తర్వాత నీ పేరున సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి, ప్రభుత్వానికి రుసుములు కట్టాలి. అదే కెనడాలో అయితే, ఈ పనికి స్థానికులు దొరకలేదని ప్రకటనలు వేసి మరీ నిరూపించుకోవాలి, దాన్నే ఎల్‌ఎంఐఏ అంటారు. ఇంత తిప్పలు పడి తెచ్చుకున్న మనిషిని ఊరికే పంపించేస్తారా?

మరిది: పంపించరు, వదలరు కూడా. అదే నా భయం. జీతం పెంచమని అడిగినప్పుడల్లా 'వీసా తెప్పించింది మేమే కదా' అని పైకి అనకపోయినా గుర్తు చేస్తారు. ఇక నిజంగానే తీసేస్తే, కంపెనీ ఆ సంగతి హోం ఆఫీసుకు, అంటే వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖకు, చెప్పాలి. ఆపైన కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికో, దేశం వదలడానికో నాకు మామూలుగా దొరికేది 60 రోజులు. అమెరికాలో హెచ్-1బీ వాళ్లకూ గరిష్ఠంగా అంతే. ఇప్పుడు ఒక్కో ఇంటర్వ్యూకే నాలుగైదు రౌండ్లు. ఆ 60 రోజులు ఏ మూలకి?

వదిన: దేశాలన్నింటినీ ఒకే గాటన కట్టకు. ఆస్ట్రేలియాలోనూ అప్పట్లో 60 రోజులే. 2024 జులై 1 నుంచి ఒక విడతకు 180 రోజులు, మొత్తం మీద 365 రోజుల దాకా ఇస్తున్నారు. యూరప్ బ్లూ కార్డు మీద ఉన్నవాళ్లకి పని పోతే మూడు నెలలు ఆగుతారు, కార్డు తీసుకుని రెండేళ్లు దాటితే ఆరు నెలలు. అది కూడా కంపెనీ ఉద్యోగం మీద వచ్చే పర్మిటే కదా!

మరిది: నా మాటే మీరూ అంటున్నారు. 60ని 180 చేశారంటే 60 చాలలేదనేగా? కెనడా 2019లో, యజమాని దగ్గర వేధింపులు పడుతున్న పనివాళ్లకని విడిగా ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఒక్క యజమానికి ముడిపడని పర్మిట్ పెట్టింది. ఖతార్ 2020లో చట్టం మార్చి, పాత యజమాని అనుమతి పత్రం లేకపోయినా ఉద్యోగం మారొచ్చంది. ముడి బిగుసుకుని మనిషి నోరెత్తలేకపోతున్నాడని ఆ ప్రభుత్వాలకే అర్థమైంది.

వదిన: పనివాడి ఉనికిని యజమాని చేతిలో పెట్టే గల్ఫ్ కఫాలా పద్ధతినీ, బ్లూ కార్డునీ ఒకే త్రాసులో తూస్తావేమిటి? సరే, నా దారి ముళ్లదారే అనుకుందాం. నీ దారేమిటో చెప్పు.

మరిది: జర్మనీ ఆపర్చునిటీ కార్డు. 2024 జూన్ 1 నుంచి ఇస్తున్నారు. డిగ్రీనో వృత్తి శిక్షణో ఉండి, జర్మన్ ఏ1 (మొదటి మెట్టు) గానీ ఇంగ్లిష్ బీ2 (మధ్య స్థాయికి కాస్త పైన) గానీ వచ్చి ఉండాలి. అనుభవం, వయసు, భాష లాంటివాటికి పాయింట్లేస్తారు, ఆరు వస్తే చాలు. కార్డు ఏడాది దాకా ఉంటుంది, వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

వదిన: ఆ ఏడాదీ బతకడానికి సరిపడా డబ్బు ముందే చూపించాలని చెప్పవేం? చాలామంది బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఒక్కసారే తీసుకోనివ్వని ఖాతాలో వేసి, నెలకింతని తీసుకుంటూ గడుపుతారు. 20 గంటల పనితో అద్దె కట్టుకుని, మిగతా టైములో ఉద్యోగం వెతకాలి. పోనీ, దొరికిందే అనుకో. అప్పుడు ఆ ఉద్యోగం చూపించి వేరే పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఏడాది తిరిగి తిరిగి నువ్వు చేరేది నేను చెప్పిన గుమ్మానికేగా మరిది గారూ!

మరిది: గుమ్మం అదే కావచ్చు. ఎవరింటి గుమ్మమో నేను చూసి ఎంచుకుంటాను. ఆ కార్డు మీద ఒక్కో చోట రెండు వారాల దాకా ట్రయల్‌గా పనిచేయనిస్తారు. ఇప్పుడు ఈ బ్రిటన్ కంపెనీలో నాకు తెలిసింది స్క్రీన్ మీద చూసిన రెండు మొహాలు, ఒక ఆఫర్ లెటర్. ఆ ఆఫీసులో పని వేళలెలా ఉంటాయో, పై అధికారి ఎలాంటివాడో నాకు తెలియదు. రేపు వాళ్లేదో తప్పు చేసి లైసెన్సు పోగొట్టుకున్నా, వీసా కత్తిరించేది నాదే.

(ఇక్కడ నా ఓటు మరిదికే. చేయని తప్పుకి గడువు తగ్గిపోవడమనేది ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోపం. వదిన కూడా దీనికి సూటిగా జవాబివ్వలేదు, మాట మార్చింది. అయితే ఆ మార్చిన మాటే అసలు పట్టు.)

వదిన: సరే, పాయింట్ల దారిలోనే పోదాం. నీ మొదటి ఉద్యోగం అనుభవ పత్రం ఫోన్‌లో ఉందా? తీయి.

మరిది: ఇదిగోండి.

వదిన: రెండే వాక్యాలు. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో పనిచేశారు. వీరి ప్రవర్తన సంతృప్తికరం.' కింద ఒక సంతకం, సగం పడిన రబ్బరు స్టాంపు. ఇందులో నువ్వు చేసిన పనేమిటో లేదు, వారానికి ఎన్ని గంటలో లేదు, జీతమెంతో లేదు. పాయింట్ల మీద శాశ్వత నివాసం ఇచ్చే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అనుభవ పత్రం మీద వాళ్లు చూసేవే అవి. నీ ప్రవర్తన ఎలాంటిదో వాళ్లకక్కర్లేదు. దీంతో ఆ ఏళ్లకి పాయింట్లు రావడం కష్టం. వివరంగా రాసివ్వమని ఎవరిని అడగాలి ఇప్పుడు?

మరిది: ...పాత బాస్‌నే.

వదిన: నువ్వు గొడవపడి మానేసిన బాస్‌ని! ఒకరి దయ అక్కర్లేదన్నావు కదా. కంపెనీ పూచీ పడితే నీ ఫైల్ వెనక ఒక మనిషి ఉంటాడు. డిగ్రీ పట్టా మీద పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే ముందే పట్టుకుంటాడు. పట్టా అసలుదేనని మన ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుందా, దాన్ని ఒప్పుకునే 1961 హేగ్ ఒప్పందంలో లేని దేశమైతే ఎంబసీ స్టాంపు కావాలా అని చూస్తాడు. నేర చరిత్ర లేదనే పోలీసు పత్రం తొందరపడి ముందే తెస్తే గడువు అయిపోతుంది, ఆలస్యమైతే ఫైల్ ఆగుతుంది. పాస్‌పోర్టు 11 నెలల్లో అయిపోతుంటే మూడేళ్ల ఉద్యోగమైనా కెనడాలో పర్మిట్ ఆ 11 నెలలకే ఇస్తారు. ఇవన్నీ ఒంటరిగా చేసుకుంటానని బయల్దేరి, సగం దారిలో ఏజెంట్ చేతిలో పడినవాళ్లని నేను చూశాను.

మరిది: ఏజెంట్ల బెడద మీ దారిలో లేదా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, ఏజెన్సీలు పనివాడి దగ్గర రుసుము తీసుకోకూడదనే అంటుంది. అయినా ఆఫర్ లెటర్‌కి ఇంత, స్పాన్సర్‌షిప్‌కి ఇంత అని వసూళ్లు ఎక్కడ జరుగుతున్నాయి? కంపెనీ పూచీ ఉండే దారిలోనేగా!

వదిన: లెటర్‌కి డబ్బడిగితే అక్కడే ఆగిపోవాలి, అందులో రెండో మాట లేదు. ఇంకో మాట, లైసెన్సున్న స్పాన్సర్ల జాబితా బ్రిటన్ ప్రభుత్వమే అందరికీ కనపడేలా పెడుతుంది. నీ కంపెనీ పేరు అందులో చూశావా?

మరిది: చూశాను, ఉంది. అసలు పూచీ ఉందనగానే పని అయిపోయినట్టేనా? హెచ్-1బీ చూడండి. ఏటా 65,000, అమెరికాలో పీజీ చేసినవాళ్లకి మరో 20,000. మార్చిలో కంపెనీ పేరు నమోదు చేయాలి, ఎంపికలో పేరు రావాలి, అక్టోబరు 1 దాకా ఆగాలి. కంపెనీ ఎంత పెద్దదైనా అంతే.

వదిన: పాయింట్ల దారిలో మాత్రం అంతా నీ చేతిలోనే ఉంటుందా? ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అభ్యర్థుల్ని పిలిచే విడతనే డ్రా అంటారు, కటాఫ్ స్కోరు ఒక డ్రాకీ ఇంకో డ్రాకీ మారుతుంది. ఉద్యోగ ఆఫర్‌కి అదనంగా ఇచ్చే పాయింట్లు 2025 మార్చిలో ఎత్తేశారు. వాటినే నమ్ముకుని కూర్చున్నవాళ్ల స్కోరు ఒక్క రోజులో పడిపోయింది.

(ఈ రెండు మాటలూ నిజమే. వీటితో ఎవరూ గెలవరు కాబట్టి ఇంకా లాగకుండా ఆపేయడం మంచిదైంది.)

మరిది: అవన్నీ ఉండనీయండి. ఈ ఆఫర్‌లో నన్ను ఆపింది ఈ ఒక్క లైను. మీరే చదవండి. 'చేరిన 24 నెలలలోపు వైదొలగినచో వీసా, స్పాన్సర్‌షిప్ సంబంధిత ఖర్చులన్నియు ఉద్యోగి తిరిగి చెల్లించవలెను.'

వదిన: ఖర్చులన్నీ అనా? ఏది, ఇలా ఇవ్వు.

మరిది: ఇంతసేపూ నేను చెప్తున్న ముడి అదే వదినా.

వదిన: నీ వీసా దరఖాస్తు రుసుము వాళ్లు కట్టి, మధ్యలో మానేస్తే తిరిగి ఇమ్మంటే అది మామూలే, చాలా చోట్ల ఉంటుంది. కానీ ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ అని కంపెనీ కట్టేది ఒకటుంది. దాన్ని ఉద్యోగి మీద వేయకూడదని నిబంధన. అన్నింటినీ కలిపి ఒక్క మాటలో చుట్టేశారంటే వీళ్లు తెలియక రాశారో, తెలిసే రాశారో.

మరిది: తెలిసే రాశారనుకోండి. అక్కడికెళ్లాక నేను ఎవరితో వాదిస్తాను?

వదిన: వెళ్లాక కాదు, సంతకం పెట్టకముందే వాదించాలి. ఇవాళే మెయిల్ పెట్టు. ఏయే ఖర్చులో విడివిడిగా రాయమను, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా అని అడుగు, వాళ్లే ఉద్యోగంలోంచి తీసేస్తే ఈ షరతు వర్తించదని స్పష్టంగా రాయించు.

మరిది: రాయకపోతే?

వదిన: రాయకపోతే ఆ ఆఫర్ వదిలేయమని నేనే చెప్తాను, నీ జర్మనీ పాయింట్లు కూర్చుని లెక్కపెడదాం. ఈలోగా ఆ పాత బాస్ నంబరు వెతుకు.

మరిది: ఆయన ఫోన్ ఎత్తడు వదినా.

వదిన: ఆయన్నెవరు అడగమన్నారు, హెచ్‌ఆర్‌కి రాయి. గంటలు, జీతం, చేసిన పనులు, మూడూ ఉండాలి. డ్రాఫ్ట్ నువ్వే తయారుచేసి పంపు, వాళ్లు సంతకం పెడితే చాలు.