‘అంత కెమెరా ఉంటే ఎవరైనా తీస్తారు’ అన్న మాటకు జవాబు

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో మా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ఫోటోగ్రాఫర్లకు వేలకు వేలు పోయడం దండగ, అసలు పని చేసేది కెమెరా. లక్షల కెమెరా చేతికిస్తే ఎవరైనా అలాగే తీస్తారు. వెయ్యి నొక్కితే పదైనా బాగా వస్తాయి, రానివి ఎడిటింగ్‌లో సరిచేస్తారు. ఇప్పుడైతే ఫోన్లే చాలు. దీన్ని పంపినవాళ్లలో నా చేత పెళ్లి ఫోటోలు తీయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు నా మీద కోపమేమీ లేదు, చదివి నిజమే కదా అనుకుని పంపారు. అందుకే ఒక్కో మాటకూ వివరంగా జవాబు చెప్పాలనిపించింది.

మా ఫోటోగ్రాఫర్లు ఇలాంటప్పుడు ఠక్కున ఒక మాట అంటారు: “చేపల పులుసు బాగుంటే కుండ ఎక్కడ కొన్నావని అడుగుతారా?” ఆ జవాబు నాకు సరిపోదు. మన నెల్లూరులో నిజంగానే అడుగుతారు. మట్టికుండలో కాచిన పులుసు రుచే వేరని నమ్మే ఊరు మనది. ఆ మాటతో ఎదుటివాళ్ల నోరు మూతపడుతుందేమో గానీ, పనిముట్టు ఎంతవరకు, పనితనం ఎంతవరకు అన్నది మాత్రం తేలదు.

లక్షల కెమెరా ఉంటే ఎవరైనా తీస్తారన్న మాటతోనే మొదలుపెడతాను. ఇందులో కొంత నిజముంది, అది కాదనను. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి చలికాలంలో వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలోని కడప అనే చెట్ల మీద గూళ్లు పెడతాయి. మనం గట్టు మీదో టవర్ మీదో నిలబడాలి. పొడవాటి లెన్స్ లేకపోతే పక్షి చుక్కంత కనిపిస్తుంది. అక్కడ డబ్బే మాట్లాడుతుంది, సందేహం లేదు.

కానీ ఆ లెన్స్ చేతికి వచ్చాక ఏమవుతుందో చూడండి. పెద్ద పక్షి గాలికి ఎదురుగా దిగుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది. గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే పక్షి ముఖం మన వైపు ఉంటుంది. అటు పక్కన నిలబడితే ఎంత లెన్స్ ఉన్నా తోకే వస్తుంది. సూర్యుడు ఎక్కడున్నాడన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. లేత రంగు పక్షి వెనక ముదురాకుల చెట్టు ఉంటే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, రెక్కల మీది గీతలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. వెలుగు ఎంత తగ్గించాలో మనమే చెప్పాలి. ఇక పులికాట్ సరస్సు దగ్గర, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద మధ్యాహ్నం నిలబడి ఫ్లెమింగోలను తీయబోతే, నేల నుంచి లేచే వేడిగాలికి బొమ్మంతా అలలు అలలుగా ఊగుతుంది. ఆ వేడిని కోసే లెన్స్ ఇంతవరకు రాలేదు. దానికి మందు ఒకటే, తెల్లవారకముందే అక్కడుండటం.

రెండోది, బటన్ నొక్కడమే కదా అన్నది. ఈ మాట వాట్సాప్‌తో పుట్టలేదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తొలి కోడాక్ కెమెరాను అమ్మినప్పుడు కంపెనీ ప్రకటనే ఇది: మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం. వంద ఫోటోలకు సరిపడా ఫిల్మ్ లోపలే ఉండేది, అయిపోగానే కెమెరాను కంపెనీకి పంపితే ప్రింట్లు వేసి, కొత్త ఫిల్మ్ నింపి తిరిగి పంపేవాళ్లు. కంపెనీ చూసుకున్న ఆ మిగతాదల్లా కడగడం, ప్రింటు వేయడం. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ నిలబడి తీయాలన్నది అప్పుడూ మనిషికే మిగిలింది. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా 1970లో పని మానేశారు. తనంతట తనే ఫోకస్ చేసుకునే ఆటోఫోకస్ కెమెరా బజారుకు వచ్చింది 1977లో. నెహ్రూ పావురాన్ని ఎగరేస్తున్న ఆ ప్రసిద్ధ ఫోటోకు ఫోకస్ చేసింది ఆమె వేళ్లే.

పెళ్లి సంగతికి వద్దాం, ఎందుకంటే ఫార్వర్డ్ అసలు గురి అదే. జీలకర్రబెల్లం వేళ అడ్డుతెర తీస్తారు. వధూవరులు ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు సెకన్లు, ఆ తర్వాత ఇద్దరూ జనం వైపు తిరిగిపోతారు. తెర ఏ వైపుకు లాగుతారో పురోహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి. లేకపోతే ఆ తెర పట్టుకున్న మేనమామ వీపే ఫోటోలో మిగులుతుంది. పక్కనుంచి పది ఫోన్లు పైకి లేస్తాయి, వాటి మధ్య మన చోటు ముందే పట్టుకుని ఉండాలి. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న పెళ్లికొడుకు ఫ్రేమ్ నిండా ఉంటే మీటరు ఈసారి ఎదురు తప్పు చేస్తుంది, వెలుగు తగ్గించి అబ్బాయి ముఖాన్ని నల్లబరుస్తుంది. ముఖాలను గుర్తుపట్టే కొత్త కెమెరాలు కొంత నయం, అయినా పూర్తిగా వదిలేయడానికి లేదు.

ఇంకొకటి, మన కల్యాణ మండపాల్లోని చవక ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో ఆ లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. షట్టర్ స్పీడ్ బాగా పెంచి, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని బాగా తగ్గించి, తలంబ్రాలు తీస్తే మాత్రం ఫోటోకు అడ్డంగా నల్లచారలు పడతాయి. ఖరీదైన కెమెరా బాడీలకూ పడొచ్చు. స్పీడ్‌ను వందో వంతు సెకనుకో, యాభయ్యో వంతుకో దించితే చారలు చాలావరకు పోతాయి, కానీ అప్పుడు బియ్యం గాల్లో గీతల్లా సాగుతుంది. చారలు కావాలా, సాగిన బియ్యం కావాలా, లేక మన ఫ్లాష్ వాడి రెండూ తప్పించాలా? ముహూర్తం టెన్షన్‌లో ఇది అక్కడికక్కడే తేల్చాలి, కెమెరా తేల్చదు.

వెయ్యి నొక్కితే పదైనా బాగా వస్తాయి అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రకాశం జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలకు రండి. ఒంగోలు గిత్తలు మెడ వంచి, గిట్టలు నేలలో దిగేసి బండను కదిలించే తొలి అడుగే ఫోటో. దాన్ని నేల మట్టానికి వంగి, ఎదురు నుంచి కొంచెం ఒక పక్కగా తీయాలి. సెకనుకు ఇరవై తీసే కెమెరాతో వెనక నిలబడి నొక్కితే, సెకనుకు ఇరవై తోకలు వస్తాయి.

ఎడిటింగ్‌లో అన్నీ సరిచేస్తారన్నది సగం నిజం. రా ఫైల్, అంటే కెమెరా పట్టిన సమాచారం కుదించకుండా దాచిన ఫైల్ ఉంటే వెలుగునీ రంగునీ చాలా దూరం లాగవచ్చు, నేనూ లాగుతాను. పూర్తిగా తెల్లబడిన చోట మాత్రం సమాచారమే ఉండదు, తెచ్చేదేమీ లేదు. ఫోకస్ కంటి మీద కాక వెనక అరటిపిలక మీద పడితే దాన్ని ముందుకు తేలేం. పెళ్లికూతురు తండ్రి కళ్లు తుడుచుకున్నప్పుడు మనం భోజనాల దగ్గర ఉంటే, ఆ ఫోటో ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

ఫోన్లే చాలు అంటున్నవాళ్ల మాటే నా వాదనకు పెద్ద సాక్ష్యం. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర వేలమంది ఫోన్లతో తీస్తారు. అందులో ఒకే మోడల్ ఫోన్లు ఎన్నుంటాయో. నీళ్లూ అవే, రొట్టెలూ అవే. చాలామంది గట్టు మీద నుంచి తలల గుంపును తీసుకొస్తారు. ఒక్కరు మాత్రం నీళ్లలోకి దిగి, పక్కనున్న అక్కను అడిగి, చదువు రావాలని కోరుకుంటూ మార్చుకునే చదువు రొట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోట ఆగి తీస్తారు. పనిముట్టు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఫోన్‌కు దాని హద్దులూ ఉన్నాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ గీసేదే, పూలజడ అంచుల దగ్గర అది తడబడుతుంది. అయినా ఫోన్‌తో గొప్ప ఫోటోలు తీసేవాళ్లను చూశాను, వాళ్లంటే నాకు గౌరవం.

ఈ మెసేజ్ మీద నాకు నిజంగా బాధ కలిగేది రేట్ల గురించి కాదు. కావలిలో, కందుకూరులో, ఒంగోలులో డిగ్రీ అయిపోయిన పిల్లలు దీన్ని నమ్ముతున్నారు. “అన్నా, ఏ బాడీ కొనమంటావు?” అన్నదే మొదటి ప్రశ్న. వెలుగు గురించి అడిగేవాళ్లు తక్కువ. అప్పు చేసి పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొంటారు, తర్వాత లెన్స్‌కు ఇంకో అప్పు. ఆర్డర్లు రాకముందే ఈఎంఐ వస్తుంది. అది కట్టడానికి తక్కువ రేటుకు ఒప్పుకుంటారు, ఫోటోలు అంతంతమాత్రంగా వస్తాయి, తప్పు కెమెరాదే అనుకుని ఇంకా పెద్దది చూస్తారు. కెమెరానే అంతా చేస్తుందన్న మాటకు మొదట నష్టపోతున్నది ఈ పిల్లలే. నన్నడిగితే ఒక్కటే చెబుతాను: ముందు పాత బాడీ, ఒక మామూలు యాభై ఎంఎం లెన్స్ పట్టుకుని ఇంట్లో కిటికీ దగ్గర అమ్మనో నానమ్మనో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసి చూడండి. మూడు పూటల ముఖం ఎలా మారిందో చెప్పగలిగాక కొనండి. పెద్ద లెన్స్ కావాల్సిన రోజుకు అద్దెకు దొరుకుతుంది.

ఇక నా ఫోటో చూసి ఎవరైనా “కెమెరా ఏది? ఎంతైంది?” అంటే నేను కోపం తెచ్చుకోను, మోడల్ పేరు దాచను. పేరు చెప్పి, ఆ వెంటనే ఏ టైంలో తీశానో, వెలుగు ఎటు నుంచి వచ్చిందో, ఎందుకు అక్కడే నిలబడ్డానో కూడా చెబుతాను. ఇంకా ఆసక్తి ఉంటే మెడలోంచి తీసి చేతికిస్తాను. చాలామంది ఒకటి నొక్కి, తెర చూసి, రెండోసారి నొక్కే ముందు అడిగే మాట ఇదే: “ఎక్కడ నిలబడాలి?”