పదహారు కోర్లు, ఒక్క తాళి

గత మూడు నెలలుగా మా ఇంట్లో జాతీయ స్థాయి సమస్య ఒకటి నలుగుతోంది. నా కంప్యూటర్‌లో ఉన్న 6 కోర్ల ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్పు) పీకేసి 16 కోర్లది పెట్టాలా, వద్దా అని. విషయం తీవ్రత దృష్ట్యా ఒక కమిటీ వేశాను. అధ్యక్షుణ్ణి నేనే, సభ్యుణ్ణి నేనే, సాక్షిని కూడా నేనే. మా ఆవిడను ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిస్తే "ఇప్పుడున్నదానికి ఏమొచ్చిందండీ?" అని ఒక్క ప్రశ్న వేసి, పోపు మాడుతోందంటూ సమావేశం మధ్యలోంచి లేచి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నను రికార్డుల నుంచి తొలగించాం.

ఉన్నది ఏఎమ్‌డీ కంపెనీ వాళ్ళ రైజెన్ 5 3600. 2019లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు. అంటే ఆరుగురు వంటవాళ్ళు, ఒక్కొక్కరికి రెండేసి పొయ్యిలు అనుకోండి, ఒకదాని మీద పప్పు ఉడికేలోపు రెండో దాని మీద గరిట తిప్పుతుంటారు. మనసు పడ్డది రైజెన్ 9 5950ఎక్స్, 16 కోర్లు, 32 థ్రెడ్లు. రెండూ మదర్‌బోర్డు మీది ఒకే ఏఎమ్4 సాకెట్‌లో కూర్చుంటాయి, అసలు చిక్కంతా అక్కడే. బోర్డు కూడా మార్చాలంటే మనిషన్నవాడు ఖర్చు చూసి ఆగిపోతాడు. మార్చక్కర్లేదని తెలిసిన క్షణం నుంచి బుద్ధి గడ్డి తినడం మొదలుపెడుతుంది.

ఇంతకీ నేను ఆ కంప్యూటర్ మీద చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఇలాంటి వ్యాసాలు టైపు చేస్తాను, నలభై ట్యాబులు తెరిచి ముప్పై తొమ్మిదింటిని మర్చిపోతాను, ఏదో ఒక దాంట్లో ప్రవచనం నడుస్తూ ఉంటుంది, అది ఎందులో నడుస్తోందో వెతుక్కోవడానికి పది నిమిషాలు. ఏడాదికోసారి ఏ బంధువుల ఇంట్లోదో గృహప్రవేశం వీడియో ఎడిట్ చేస్తాను. తెలుగు టైపు చేయడానికి ఒక్క కోరు చాలు, అదీ చాలాసేపు కునుకు తీస్తూనే ఉంటుంది, ఎందుకంటే నేను ఎక్కువసేపు ఆలోచిస్తుంటాను. అదేంటో, ఆలోచన వేగం పెంచే ప్రాసెసర్ ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఈ కోర్ల పిచ్చి మనతో పుట్టింది కాదు. ఒకప్పుడు అంతా వేగాన్ని కొలిచే గిగాహెర్ట్జ్‌ల పందెం. 2004లో చిప్పుల కంపెనీ ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తానని చెప్పి, అక్టోబరులో మానుకుంది. వేగం పెంచేకొద్దీ చిప్పు పెనంలా కాలిపోతోంది మరి. మరుసటి ఏడాదే ఇంటెల్, ఏఎమ్‌డీ రెండూ ఇళ్ళల్లో వాడే కంప్యూటర్లకు రెండు కోర్ల చిప్పులు దింపాయి. ఒక్క ఎద్దును ఎంత అదిలించినా ఇక పరుగెత్తదని తేలాక, పక్కన రెండోదాన్ని కట్టారన్నమాట. ఆ తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. బండి మాత్రం అదే, దారి కూడా అదే. ఫోన్లలో అయితే 2016 నాటికే మీడియాటెక్ పది కోర్ల చిప్పు వచ్చేసింది, తర్వాత వాళ్ళే బుద్ధిగా ఎనిమిదికి దిగారు.

ఇక కమిటీ ముందుకు వచ్చిన అతి ఇబ్బందికరమైన సాక్ష్యం కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ అనే ఆయనది. 1967లోనే, అంటే ఈ 16 కోర్లూ పుట్టకముందే, వాటి మీద నీళ్ళు చల్లి వెళ్ళాడు. ఆయన చెప్పింది మన పెళ్ళి లెక్కే. 12 గంటల పెళ్ళిలో 6 గంటల పని పంచుకోగలిగేది, కూరగాయలు తరగడం, కుర్చీలు వేయడం, వడ్డించడం లాంటివి. మిగతా 6 గంటలు ఎవరూ పంచుకోలేనివి, పంతులుగారి మంత్రం, జీలకర్ర బెల్లం, తాళి. పనికి ఆరుగురు ఉంటే మొత్తం 7 గంటల్లో అయిపోతుంది. మరి పదహారుగురిని పెడితే? 6 గంటల 22 నిమిషాలు. పది మందిని అదనంగా తెచ్చి, భోజనాలు పెట్టి, ఛార్జీలిచ్చి పంపితే మిగిలింది ముప్పావు గంట కూడా లేదు. మొత్తం ఊరిని దింపినా ఆ 6 గంటలు తగ్గవు. తాళి కట్టేది ఒక్కడే. పదహారుగురు పెళ్ళికొడుకులను పీటల మీద కూర్చోబెడితే పని త్వరగా అవ్వదు సరికదా, పోలీసులు వస్తారు.

మనం కంప్యూటర్లో రోజూ చేసే పనుల్లో తాళి కట్టే రకమే ఎక్కువ. వెబ్ పేజీలో జావాస్క్రిప్ట్ అనేది చాలావరకు ఒకే దారంలో, ఒకదాని వెనక ఒకటిగా నడుస్తుంది, మిగతా కోర్లు చేతులు కట్టుకుని చూస్తుంటాయి. అందరూ కలిసి చేసే పనుల్లోనూ ఒకరికోసం ఒకరు ఆగే సమయం పోతుంది. పదిమందిలో పాము చావదని మనవాళ్ళు అన్నది దీని గురించే అని నా నమ్మకం, పండితులు కాదంటే కాదనుకోండి.

ఇదంతా తెలిసీ, పనిమీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. ఊరికే చూద్దామని. (ఊరికే చూద్దామని అక్కడికి వెళ్ళి ఊరికే వచ్చినవాడు నాకు తెలిసి లేడు.) షాపు కుర్రాడు నేనేం చేస్తానో అడగలేదు. "తీస్కో అన్నా, ఫ్యూచర్ ప్రూఫ్" అన్నాడు. నా ఫ్యూచర్ నాకే తెలియదు, ఈయన దానికి ప్రూఫ్ ఇస్తున్నాడు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. 3600తో పాటు దాన్ని చల్లబరిచే కూలర్ డబ్బాలోనే వచ్చింది, 5950ఎక్స్‌కి రాదు, విడిగా కొనాలి. అంటే ఏనుగు ఉచితం, అంకుశం అదనం కూడా కాదు, ఏనుగుకీ డబ్బులే, అంకుశానికీ డబ్బులే. అట్టపెట్టె మీద 105 వాట్లు అని ఉంటుంది గానీ పని పడితే 142 దాకా తాగుతుంది. 90 డిగ్రీలు దాటనివ్వదు, దగ్గరపడితే తానే వేగం తగ్గించుకుంటుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే విజయవాడలో, ఏసీ లేని మా ముందుగదిలో, ఆ పదహారు కోర్లూ విసనకర్ర పట్టుకుని కూర్చుంటాయేమో. పైగా నాది పాత బీ450 బోర్డు, ముందు బయాస్ (బోర్డును నిద్రలేపే ప్రోగ్రాము) అప్‌డేట్ చేయాలి. అది జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు ఇటుకే. మా యూపీఎస్ మూడు నిమిషాలు నిలబడుతుంది, అదీ దాని మూడ్ బాగుంటే. ఆ టెన్షన్ తలుచుకుంటేనే నా ఒంట్లో ఉష్ణోగ్రత 90 దాటుతోంది.

ఆటలు ఆడేవాళ్ళు కూడా నన్ను సమర్థించలేదు. వాళ్ళు 8 కోర్ల 5800ఎక్స్3డీని చూపించారు, దాంట్లో 96 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ ఒళ్ళోనే ఉండే చిన్న మెమరీ) ఉంది, చాలా ఆటల్లో 16 కోర్లదాన్ని వెనక్కి నెట్టేస్తుంది. సగం మందితో ఎక్కువ పని, ఎందుకంటే సరుకంతా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. వంటింట్లో మా ఆవిడ పోపులపెట్టె సూత్రమే ఇది, కానీ ఆమె సాక్ష్యం ఇప్పటికే తొలగించాం కాబట్టి ప్రస్తావించకూడదు.

అప్పుడు నేను పద్ధతి మార్చాను. పనికి తగ్గ కోర్లు కాకుండా, కోర్లకు తగ్గ పని వెతకడం. దాహం వేశాక బావి తవ్వకూడదంటారు కదా, నేను బావికి గొయ్యి కొలిచి దాహం కోసం ఉప్పు బొక్కుతున్నాను. వారం రోజులు బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఒక త్రీడీ లడ్డూ చేశాను. ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. మొత్తం వెతగ్గా ఒక్కటే గట్టిగా దొరికింది, 4కే వీడియో ఎన్‌కోడింగ్. అంటే అతి స్పష్టమైన పెద్ద వీడియోను కుదించి దాచడం. అది అచ్చంగా కూరగాయలు తరిగే పని, ఎంతమందిని పెడితే అంత త్వరగా తెములుతుంది. పనిలో 90 శాతం పంచుకోగలిగేదైతే ఒక్కడితో పోలిస్తే ఆరుగురు 4 రెట్లు, పదహారుగురు 6.4 రెట్లు వేగం. ఇదిగో ఆధారం! కాకపోతే నా దగ్గర 4కే వీడియో ఒక్కటీ లేదు.

ఇంతలో మా బావమరిది వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిలవకుండానే సలహా ఇచ్చే శాఖ. "బావా, ఒకసారి టాస్క్ మేనేజర్ తెరువు" అన్నాడు. తెరిచాను, ఏది ఎంత వాడకంలో ఉందో కనిపించింది. సీపీయూ, అంటే ప్రాసెసర్, 9 శాతం. మెమరీ 94. "నీకు కోర్లు కాదు, ర్యామ్ చాలట్లేదు. 8 జీబీతో నలభై ట్యాబులేంటి బావా?" అని, వెళ్తూ వెళ్తూ ఆర్డర్ కూడా పెట్టేశాడు. ఇంకో 8 జీబీ వచ్చింది, బిగించాను, కంప్యూటర్ గుర్రంలా పరుగెడుతోంది.

నాకు ఇంత అన్యాయం ఎన్నడూ జరగలేదు. మూడు నెలల కమిటీ, అన్ని సాక్ష్యాలు, అన్ని రాత్రుల రివ్యూ వీడియోలు, అన్నీ ఒక్క చిన్న పచ్చ ముక్కతో మట్టిలో కలిశాయి. అయినా కమిటీని ఇంకా రద్దు చేయలేదు, గడువు పొడిగించాను. వచ్చే ఆదివారం మా చెల్లెలి కొడుకు అన్నప్రాశన. ఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌కి వెళ్ళి 4కే ఆన్ చేసి పెట్టుకున్నాను.