సెల్లు పోతుంది, గోడ పోదు

సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించాలన్న ఆలోచన మా అమ్మకి ప్రతి ఏడూ వస్తుంది. ఈసారి నాన్న కూడా సరేనన్నారు. అంతే, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి ప్రశాంతతకి నూకలు చెల్లాయి.

మేస్త్రీ వచ్చి టేపు పెట్టి కొలిచాడు. చదరపు అడుగుల లెక్క చెప్పగానే నాన్న కుర్చీలోంచి లేచారు.

"ఇల్లే 900 అడుగులయ్యా. నువ్వు 3,000 దగ్గర అంటావేంటి?"

"ఇల్లు కొలవలేదండి. గోడలూ సీలింగూ కొలిచా."

ఈ సంగతి ముందే తెలిసుంటే గుండెకి మంచిది. నేల కొలతకి మూడు, మూడున్నర రెట్లు ఉంటుంది రంగు కొలత. కిటికీలూ తలుపులూ తీసెయ్యమని నాన్న బేరం మొదలెట్టారు. "వాటికీ ఎనామిల్ వెయ్యాలి కదండీ, అది వేరే లెక్క" అన్నాడు మేస్త్రీ. బేరం అక్కడే చల్లబడింది.

రంగు వేసేది ఆఖర్న అట. ముందు పెచ్చులు గీకాలి, పగుళ్లు పూడ్చాలి, గోడ నున్నబడేలా లప్పం పెట్టాలి, ఆరాక గరుకు పేపరు కొట్టాలి, ప్రైమరు వెయ్యాలి. బాత్రూమ్ వెనక గోడని వేలితో నొక్కి చూసి, "ఇక్కడికి నాకంటే ముందు ప్లంబర్ని పిలవండి. చెమ్మ గోడ మీద ఎంత ఖరీదు రంగు వేసినా పొక్కుతుంది" అన్నాడు. తన పని తగ్గించుకునే మేస్త్రీని చూసి అమ్మకి నమ్మకం కుదిరింది.

సామానంతా హాలు మధ్యకి చేర్చమన్నాడు. బీరువా, ఫ్రిజ్, సోఫా, నిలబెట్టిన మంచాలు, వాటి మీద అట్టపెట్టెలు, అన్నిటి పైనా ప్లాస్టిక్ షీటు. అమ్మ దానికి ఇంద్రకీలాద్రి అని పేరు పెట్టింది, మెట్లు మాత్రం లేవు. ఫ్రిజ్ తలుపు బీరువా వైపు తిరిగి ఉందని మర్నాడు పొద్దున పాల కోసం వెళ్తేగానీ తెలియలేదు. మోచేయి దూరేంత సందు ఉంది. అందులోంచి మా ఆవిడ పాల ప్యాకెట్టు లాగగలిగింది, పెరుగు గిన్నె లాగలేకపోయింది. ఆవేళ నాన్న చారన్నంతో ఆపేసి, చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు విస్తరి ముందే కూర్చున్నారు. పెరుగు లేకుండా లేచే అలవాటు ఆయనకి లేదు.

ఇక పేపరు కొట్టిన రోజు. లప్పం పొడి వెళ్లని చోటు లేదు. మూత పెట్టిన ఉప్పు డబ్బాలో ఉందో లేదో తేల్చుకోలేకపోయాం, రెండూ తెలుపే. గేటు దగ్గర నాన్నని చూసి పక్కింటి పిన్నిగారు "అన్నయ్యగారు ఈమధ్య బాగా నెరిశారే" అని అమ్మతో బాధపడింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోను గోడ ఒక ఎత్తు. ల్యాండ్ ఫోను తీసేసి చాలా ఏళ్లయింది. అది ఉన్న చోట గోడ మాత్రం ఇప్పటికీ నాన్న డైరెక్టరీ. గ్యాసు, కరెంటు, పాలబ్బాయి, తెనాలి మామయ్య, అందరూ పెన్సిలుతో అక్కడే ఉంటారు. సెల్లులో ఎక్కించుకోమంటే "సెల్లు పోతుందిరా, గోడ ఎక్కడికి పోతుంది?" అంటారు. మేస్త్రీ నంబరు కూడా అక్కడే రాసుకున్నారు.

ఆయన కాళేశ్వరరావు మార్కెట్ నుంచి కూరల సంచీతో వచ్చేసరికి ఆ గోడ తెల్లగా, నున్నగా ఉంది. నీళ్ల ప్రైమరు కింద పెన్సిలు అంతా మాయం. బాల్‌పెన్ను సిరా మాత్రం ఎంత వేసినా పైకి ఉబికి వస్తుందట. అలా బతికి బట్టకట్టిన ఒకే ఒక్క లైను: "పేపరబ్బాయికి ఇవ్వాల్సింది 40."

"ప్రైమరు ఆరాలండి, రేపొస్తా" అని మేస్త్రీ వెళ్లిపోయాడు. ప్రైమరు సాయంత్రానికే ఆరింది. మేస్త్రీ మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. పండగ ముందు ఒక్కో మేస్త్రీ చేతిలో మూడు నాలుగు ఇళ్లుంటాయి. ఒక చోట ఆరుతుంటే ఇంకో చోట గీకుతుంటాడు. ఫోన్ చేద్దామంటే నంబరు గోడలో కలిసిపోయింది. మేస్త్రీతో మాట్లాడిన నాన్న బటన్ల ఫోను కొండ లోపల ఎక్కడో ఉంది. రింగు ఇస్తే వినపడుతుందనుకున్నాం, స్విచాఫ్. మా ఆవిడ ప్లాస్టిక్ కింద చెయ్యి పెట్టి వెతికింది. పెరుగు గిన్నె దొరికింది.

అమ్మకి టెన్షన్ పట్టుకుంది. రంగు మిషన్లో కలిపించాక షాపువాడు వెనక్కి తీసుకోడు. 20 లీటర్ల గంధం రంగు బకెట్టు వరండాలో కూర్చుని ఉంది. నాన్న మాత్రం నిమ్మళంగా ఉన్నారు.

"బకెట్టు మూత తీయలేదుగా? టోకెన్ అందులోనే ఉంది. వాడే వస్తాడు."

రంగు కంపెనీలు పెయింటర్ల కోసం డబ్బాల్లో, మార్చుకుంటే డబ్బులొచ్చే టోకెన్లు పెడుతుంటాయి. డబ్బు మనదే అయినా టోకెన్ మేస్త్రీదే. ఇది ఎక్కడా రాసుండదు, కానీ దీన్ని కాదన్న ఇంటి యజమానిని నేనింతవరకు చూడలేదు. ఆ రాత్రి నాన్న వరండాలో చాప వేసుకుని బకెట్టుని తల దగ్గర పెట్టుకుని పడుకున్నారు.

తెల్లారేసరికి గేటు చప్పుడైంది. మేస్త్రీ లోపలికి వస్తూనే ముందు బకెట్టు మూత చూసుకున్నాడు, తర్వాత నాన్నకి నమస్కారం పెట్టాడు.

"ఏమయ్యా, నీ నంబరు అక్కడే గోడ మీద రాసుకున్నా. దాని మీదే ప్రైమరు కొట్టేస్తే నిన్నెలా పిలిచేది?"

"చూశానండి. అందుకే అక్కడ రెండుసార్లు వేయించా, పెన్సిలు గీత కూడా తెలీకుండా" అన్నాడు గర్వంగా. తర్వాత గోడ దగ్గరికెళ్లి, కాస్త వంగి, గోటితో గీకి చూశాడు. "ఈ పేపరబ్బాయి బాకీకి ఆయిల్ ప్రైమరు వేస్తేగానీ ఆగదండి. దానికి ఇంకో 200 అవుద్ది. ఆ 40 ఇచ్చేస్తే పోయేది కదా."