పైథాన్ వర్క్‌షాప్‌కు ఐ7 అక్కర్లేదు, ముందురోజు సాయంత్రం కావాలి

ఎక్కడ పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వర్క్‌షాప్ ఉందన్నా సరే, వారం ముందు నుంచే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూఇటూ మారతాయి గానీ సారం ఇదే: "కనీసం ఐ7, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. విండోస్ పనికిరాదు, తీసేసి లైనక్స్ వేసుకోండి. అనకొండ వేస్తే అన్నీ వచ్చేస్తాయి. పాత పైథాన్ ఉంటే పీకేసి అన్నిటికన్నా కొత్త వెర్షన్ వేయండి. యాంటీవైరస్ ఆపేయండి. కుదరకపోయినా కంగారు పడకండి, హాల్లో పది నిమిషాల్లో అయిపోతుంది. కోడ్ అంతా గ్రూపులో పెడతాం, కాపీ చేసుకుంటే చాలు."

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కాకపోతే ఇందులో భయపెట్టిన చోట భయం అక్కర్లేదు, "ఏం ఫర్లేదు" అన్న చోటే పని చెడుతుంది. వరసగా చూద్దాం. కింద కమాండ్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, కొట్టేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

"ఐ7, 16 జీబీ ర్యామ్ కావాలి"

మొదటి రోజు రాసేదేమిటి? పేరు అడిగి నమస్కారం పెట్టే ప్రోగ్రామ్, లూపుతో పదమూడో ఎక్కం, టర్టిల్‌తో (తెర మీద గీతలు గీయించే పైథాన్ భాగం) ఒక చతురస్రం. ఉత్త పైథాన్ తెరిస్తే అది తినే ర్యామ్ పది, ఇరవై ఎంబీ. పక్కన తెరిచిన బ్రౌజర్‌లో ఒక్క ట్యాబు అంతకు ఎన్నో రెట్లు తింటుంది. 64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, డిస్కులో ఒక జీబీ ఖాళీ ఉంటే దర్జాగా నడుస్తుంది. పదేళ్ల కిందటి ఐ3 అయినా సరే.

మెషీన్ విషయంలో నిజంగా అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి, వాటి ఊసు మెసేజ్‌లో లేదు. పాత ల్యాబుల్లో కనిపించే విండోస్ 7 మీద ఎక్కే చివరి పైథాన్ వరస 3.8. ఆ తర్వాతివాటి ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఆగిపోతుంది. 3.8కి 2024 అక్టోబరుతో మద్దతు అయిపోయింది గానీ మొదటి పాఠాలకు అది ఏ లోటూ చేయదు. 3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్‌ను మాత్రం ఆ పాఠంలో పెట్టకూడదు. ఇంకోటి, మదర్‌బోర్డు మీది సీమాస్ సెల్లు. అది అయిపోయిన డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు పిప్‌తో (లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్, దింపే కమాండ్) ఏది దింపబోయినా "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్" అంటుంది, అందరూ నెట్‌ను తిడతారు. గడియారం సరిచేస్తే పోయే జబ్బు అది. సీఆర్ 2032 బిళ్ల మారిస్తే మళ్లీ రాదు.

ఇక ప్లగ్గులు. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 1,380 వాట్లు. 65 వాట్ల ఛార్జర్లు ఇరవై ఒకేసారి పూర్తిగా లాగితే 1,300. ముప్ఫై మంది కూర్చునే హాల్లో ఒకే సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరో బోర్డు తగిలించుకుంటూ పోతే మధ్యాహ్నానికి వైరు వాసన వస్తుంది. ఐ7 గురించి పెట్టే శ్రద్ధలో పదో వంతు దీని మీద పెట్టినా చాలు.

"విండోస్ తీసేసి లైనక్స్ వేయండి"

లైనక్స్ నేర్చుకోవడం మంచిదే. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం ఒక పని, పైథాన్ నేర్చుకోవడం ఇంకో పని. రెంటినీ ఒకే వారంలో పెట్టుకుంటే పార్టిషన్ దగ్గర చేయి జారి ఫొటోలు పోవడమో, బూట్ సెట్టింగులు కదిలించగానే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడగడమో జరుగుతుంది. ఆ కీ ఎక్కడుందో తెలియనివాళ్లే ఎక్కువ.

పైగా లైనక్స్ వేసినంత మాత్రాన సెటప్ అయిపోదు. ఉబుంటులో పైథాన్3 ముందే ఉంటుంది గానీ ఐడిల్ (కోడ్ రాసి నడిపే చిన్న ఎడిటర్), టర్టిల్‌కు కావాల్సిన పైథాన్3-టీకే, పైథాన్3-వెన్వ్ విడి ప్యాకేజీలు. ఇప్పటి ఉబుంటు, డెబియన్‌లలో పిప్ ఇన్‌స్టాల్ అని నేరుగా కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తుంది. ఆ సిస్టమ్ తన సొంత పనులకు వాడుకునే పైథాన్‌ను మనం కెలక్కుండా పెట్టిన కంచె అది. వెన్వ్ (మన పనికి విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) చేసుకుని అందులో వేసుకోవాలి. మ్యాక్ వాడేవాళ్లు 12.3 వెర్షన్ నుంచి అందులో పాత పైథాన్ తీసేశారని గుర్తుంచుకోవాలి. పైథాన్3 అని కొడితే కమాండ్ లైన్ టూల్స్ దింపమంటుంది, అది పెద్ద డౌన్‌లోడ్, ఇంట్లోనే కానివ్వాలి.

"అనకొండ వేస్తే అన్నీ వచ్చేస్తాయి"

అనకొండ అంటే పైథాన్‌నూ డేటా పనుల లైబ్రరీలనూ కలిపి కట్టిన మూట. అన్నీ వస్తాయి, అదే చిక్కు. ఇన్‌స్టాలర్ ఒక్కటే ఒక జీబీకి అటూఇటూ, పరుచుకున్నాక డిస్కులో దాదాపు ఐదు జీబీ. మామూలు పైథాన్ విండోస్ ఇన్‌స్టాలర్ 25 నుంచి 30 ఎంబీ. డేటా సైన్స్ తరగతికైతే అనకొండ మాట వినొచ్చు, అప్పుడు కూడా దాని చిన్న రూపం మినీకొండ తేలిక. ఎక్కాలు రాయడానికి వచ్చినవాళ్లకు ఐడిల్ చాలు, అది పైథాన్‌తో పాటే వస్తుంది. వీఎస్ కోడ్ మంచి ఎడిటరే, కానీ దానికి పైథాన్ ఎక్స్‌టెన్షన్ విడిగా దింపాలి. మొదటి గంటలో ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే పైథాన్) ఏది అని అది అడిగే ప్రశ్నకు కొత్తవాళ్ల దగ్గర జవాబుండదు.

అనకొండ ఒకటి, మామూలు పైథాన్ ఒకటి ఉన్న మెషీన్లో ఇంకో తంటా. పిప్ ఒకదాంట్లో వేస్తుంది, ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో నడుస్తుంది. "వేశాను కదా, మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటుందేంటి?" అనే ప్రశ్నకు చాలాసార్లు కారణం ఇదే. ఉత్త పిప్ బదులు "పైథాన్ హైఫన్-ఎం పిప్ ఇన్‌స్టాల్" అని కొడితే, ఏ పైథాన్ నడుస్తుందో అందులోకే వెళ్తుంది.

"పాతది పీకేసి అన్నిటికన్నా కొత్తది వేయండి"

పాతది పీకాల్సిన పనే లేదు. విండోస్‌లో 3.11, 3.12, 3.13 వేర్వేరు ఫోల్డర్లలో పక్కపక్కన ఉంటాయి, ఒకదాన్నొకటి తినవు. "పీవై హైఫన్-సున్నా" అని కొడితే ఏవేవి ఉన్నాయో జాబితా చూపిస్తుంది. ఇదే సలహా లైనక్స్‌లో పాటించి సిస్టమ్ పైథాన్3ను తీసేస్తే దాని మీద ఆధారపడిన డెస్క్‌టాప్ కూడా వెంట పోతుంది. మెసేజ్ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క ఇది.

కొత్తదే ఎందుకు వద్దంటే, కొత్త వరస విడుదలైన తొలి వారాల్లో చాలా లైబ్రరీలకు దానికి తగ్గ వీల్ ఫైళ్లు (ముందే కట్టి ఉంచిన లైబ్రరీ ఫైళ్లు) ఉండవు. అప్పుడు పిప్ సోర్స్ నుంచి కట్టబోయి "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 కావాలి" అని ఎర్రగా రాసి ఆగిపోతుంది. గదిలో అందరికీ ఒకే వరస ఉండటం ముఖ్యం. నిర్వాహకులు ఒకటి ఎంచుకుని, ఉదాహరణకు 3.12 అనుకుంటే, అందరికీ అదే చెప్పాలి. అందరి తెరల మీదా ఒకే ఎర్రర్ ఒకేలా కనిపిస్తుంది, సాయం చేసేవాళ్ల పని సగమవుతుంది.

అసలు జనం "పాతది అడ్డొస్తోంది" అనుకునే చోట దోషి వేరొకటి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పైథాన్ అని కొట్టండి. ఏమీ వేయకుండానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, లేదా "పైథాన్ వాజ్ నాట్ ఫౌండ్" అని మొదలై స్టోర్‌లో దింపుకోమనే వాక్యం వస్తుంది. విండోస్ ముందుగానే పెట్టి ఉంచిన డమ్మీ అది. సెట్టింగ్స్‌లో యాప్స్ కింద యాప్ ఎగ్జిక్యూషన్ ఎలియాసెస్ అనే పేజీ ఉంటుంది, అక్కడ పైథాన్, పైథాన్3 పేర్ల ఎదురుగా ఉన్న రెండు స్విచ్‌లూ ఆపేయాలి.

ఇన్‌స్టాలర్ మొదటి కిటికీలో అట్టడుగున "యాడ్ పైథాన్ టు పాత్" అనే గడి ఉంటుంది. పాత్ అంటే కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పే ఫోల్డర్ల జాబితా. ఆ గడికి టిక్ ఉండదు, మనమే పెట్టాలి. పైన పెద్దగా కనిపించే ఇన్‌స్టాల్ నౌ మీదకే కళ్లు పోతాయి, అందుకే ఇది మర్చిపోతారు. మర్చిపోతే అన్‌ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అదే ఫైలు మళ్లీ నడిపి, మాడిఫై, ఆ తర్వాత నెక్స్ట్ నొక్కి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ గడికి టిక్ పెడితే సరిపోతుంది. ఆ తర్వాత తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరవాలి. పాత్ అనేది కిటికీ తెరిచినప్పుడు చదువుకునేది కాబట్టి పాత కిటికీకి కొత్త సంగతి తెలియదు. అడ్మిన్ పాస్‌వర్డ్ లేని ల్యాబ్ మెషీన్లలో అదే అడుగున ఉన్న అడ్మిన్ ప్రివిలేజెస్ గడికి టిక్ తీసేస్తే ఆ యూజర్ వరకు దిగిపోతుంది.

"యాంటీవైరస్ ఆపేయండి"

వద్దు. అధికారిక పైథాన్ సైటు నుంచి దింపిన ఇన్‌స్టాలర్‌ను అవి ఆపవు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూస్తే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అని ఉండాలి. అది లేని ఫైలును యాంటీవైరస్ అడ్డుకుంటే దానికి దండం పెట్టాలి. నలుగురి పెన్‌డ్రైవులు తిరిగే రోజున దాన్ని ఆపేయమనడం మరీ విడ్డూరం.

"హాల్లో పది నిమిషాల్లో అయిపోతుంది"

ఒక్కరికి, ఇంట్లో, మంచి నెట్‌తో అయితే అవుతుంది. హాల్లో 30 మంది ఉన్నారనుకోండి, 20 ఎంబీపీఎస్ లైను. 30 ఎంబీ చొప్పున దింపితే 900 ఎంబీ, లెక్కప్రకారం ఆరు నిమిషాలు. అందరూ అనకొండకు ఎగబడితే 30 జీబీ, మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇదీ లైను పూర్తిగా మనకే దక్కి, వైఫై రూటర్ 30 మందిని ఒకేసారి మోస్తేనే. డౌన్‌లోడ్ అయ్యాక పాత్ మర్చిపోయినవాళ్లు, స్టోర్ తెరుచుకున్నవాళ్లు, యూజర్ పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లు ఉండనే ఉంటారు. ఒక్కొక్కరి దగ్గర ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఇద్దరు సహాయకులుంటే మొదటి పూట హరీ.

అమెరికాలో బోస్టన్ పైథాన్ వర్క్‌షాప్ నడిపినవాళ్లు శుక్రవారం సాయంత్రాన్ని పూర్తిగా సెటప్‌కు వదిలి, పాఠం శనివారం పెట్టుకున్నారు. ఆడవాళ్లకు వెబ్ ప్రోగ్రామింగ్ నేర్పే జాంగో గర్ల్స్ వర్క్‌షాప్‌లకు కూడా ముందురోజు ఇన్‌స్టలేషన్ పార్టీ పెట్టుకునే అలవాటుంది. మనవాళ్లకు కుదిరే రూపం: ముందురోజు సాయంత్రం రెండు గంటలు, నలుగురైదుగురికి ఒక సహాయకుడు.

నెట్ లేకుండా ఫైళ్లు పంచడానికి పైథానే సాయం చేస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి "పైథాన్ హైఫన్-ఎం హెచ్‌టీటీపీ డాట్ సర్వర్ 8000" అని కొట్టాలి. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతివ్వాలి. అదే వైఫైలో ఉన్నవాళ్లు బ్రౌజర్‌లో ఆ ల్యాప్‌టాప్ ఐపీ నంబరు, కోలన్, 8000 కొడితే ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. కనిపించకపోతే కాలేజీ వైఫైలో ఒక మెషీన్ ఇంకో మెషీన్‌ను చూడకుండా కట్టేసి ఉంటుంది, విడి రూటర్ ఒకటి తెచ్చుకుంటే పోతుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. లైబ్రరీలు కావాలంటే ముందే "పిప్ డౌన్‌లోడ్"తో వీల్ ఫైళ్లు అదే ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. వాటిలో కొన్నిటి పేర్లలో సీపీ312 అని ఉంటుంది, అంటే అవి 3.12కే ఎక్కుతాయి. అందరికీ ఒకే వరస అన్నది ఇందుకు కూడా.

అయిపోయిందని ఎప్పుడనాలి? "పైథాన్ హైఫన్ హైఫన్ వెర్షన్" కొడితే అనుకున్న అంకె రావాలి. "పైథాన్ హైఫన్-ఎం టర్టిల్" కొడితే కిటికీ తెరుచుకుని తాబేలు తనంతట తాను బొమ్మ గీయాలి, కిటికీలు గీసే టీకే ఉందనడానికి అదే రుజువు. ఆ తర్వాత ఐడిల్‌లో ఒక లైను రాసి, సేవ్ చేసి, ఎఫ్5 నొక్కి నడపాలి. ఈ మూడూ తన చేత్తో చేసినవాళ్లకే టిక్. ఆ ఫైలుకు టర్టిల్ డాట్ పీవై అని మాత్రం పేరు పెట్టనివ్వకండి. అలా పెడితే ఇంపోర్ట్ టర్టిల్ అన్నప్పుడు పైథాన్ తన లైబ్రరీకి పోకుండా మన ఫైలునే తెచ్చుకుని, "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అని గొణుగుతుంది.

"కోడ్ గ్రూపులో పెడతాం, కాపీ చేసుకోండి"

ఐఫోన్ కీబోర్డు, వర్డ్ రెండూ నిట్టనిలువు కోట్ గుర్తులను వంపు కోట్‌లుగా మారుస్తాయి. అది అతికించి నడిపితే "ఇన్‌వాలిడ్ క్యారెక్టర్, యూ+201సీ" అంటుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ఎంతసేపు చూసినా తప్పు కనపడదు. వాట్సాప్ వెబ్‌లో తెర మీద ఎంచుకుని కాపీ చేస్తే, అది ఇటాలిక్ గుర్తులనుకున్న అండర్‌స్కోర్లు మాయం కావచ్చు. కోడ్‌ను పీవై ఫైలుగానే డాక్యుమెంట్ రూపంలో పంపాలి, లేదా పైన చెప్పిన సర్వర్ ఫోల్డర్‌లో పెట్టాలి. ముందు విండోస్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా పెట్టకపోతే, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినవాళ్లది పీవై డాట్ టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది.

తెలుగు ఫైలు చదివించే పాఠం ఉంటే ఇంకోటి ముందే చూసుకోవాలి. 3.14 దాకా విండోస్‌లో ఓపెన్ అని ఉత్తగా రాస్తే ఫైలును సిస్టమ్ కోడ్‌పేజీతో (ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టిక) చదువుతుంది, మన మెషీన్లలో మామూలుగా అది సీపీ1252. "కమల" అని ఉన్న ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి గానీ ప్రోగ్రామ్ ఆగదు. "అమ్మ" అని ఉంటే ఆగిపోతుంది. తేడా మకారం కింద వత్తులో ఉంది. వత్తు వేయించే పొల్లు గుర్తు యూటీఎఫ్-8లో (తెలుగు సహా అన్ని భాషల అక్షరాలను దాచే పద్ధతి) మూడు బైట్లు, అందులో చివరిది 8డీ. సీపీ1252లో ఆ అంకెకు అక్షరమే లేదు. "క్యాంట్ డీకోడ్ బైట్ 0ఎక్స్8డీ" అనే ఎర్రర్‌కు అర్థం అదే. ఓపెన్ బ్రాకెట్లలో ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్-8 అని చేర్చితే రెండు ఫైళ్లూ తెలుగులోనే వస్తాయి.